పేసింగ్ కోసం తొడలో మరో రంధ్రం అవసరమా?

సంపాదకులు గారికి నమస్కారం.

కర్నూలులోని ఒక ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో (గుండె ధమనులలోకి గొట్టాలు పంపి చికిత్స చేసే గదిలో) టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను, స్టెంట్ వేయించుకునే రోగులకు పేసింగ్ కోసం, అంటే నాడి పడిపోతే గుండెను విద్యుత్‌తో కొట్టించడం కోసం, తొడలో కూడా గుచ్చే అలవాటుకు సంబంధించిన ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా మన ప్రాంత వైద్యుల దృష్టికీ, రోగుల బంధువుల దృష్టికీ తీసుకురాదలిచాను.

గుండెకు రక్తం అందించే కుడి కరోనరీ ధమనిలోని పూడికను బెలూన్‌తో తెరిచేటప్పుడు, లేదా సున్నం పేరుకుని గట్టిపడిన పూడికను రోటాబ్లేషన్‌తో (వేగంగా తిరిగే చిన్న మొనతో) అరగదీసేటప్పుడు, నాడి ఉన్నట్టుండి నిమిషానికి ముప్పైకి, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోవడం మా పనిలో ఉన్నవారందరికీ తెలిసినదే. గుండె పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్ సంకేతాన్ని అందించే ఏవీ నోడ్‌కు ఎక్కువమందిలో ఆ ధమని నుంచే రక్తం అందుతుంది. చాలాసార్లు రోగిని గట్టిగా దగ్గమని చెప్పి, నాడిని పెంచే అట్రోపిన్ మందు ఇస్తే నాడి మళ్లీ పుంజుకుంటుంది. పుంజుకోకపోతే ఎలా అన్న భయంతోనే, ముందు జాగ్రత్తగా తొడ మొదట్లోని సిరలో షీత్ అనే చిన్న గొట్టం వేసి, తాత్కాలిక పేస్‌మేకర్ తీగను కుడి జఠరికలోకి (గుండె కుడివైపు కింది గదిలోకి) పంపే అలవాటు ఏర్పడింది.

ఆ భయం న్యాయమైనదే కానీ, దానివల్ల రోగి పడే ఇబ్బంది చిన్నది కాదు. ఇప్పుడు స్టెంట్లు ఎక్కువగా మణికట్టు నుంచే వేస్తున్నాం కాబట్టి రోగి కొద్ది గంటల్లోనే లేచి కూర్చోగలడు. తొడలో కూడా గుచ్చితే ఆ సౌలభ్యం పోయి, షీత్ తీశాక కాలు కదపకుండా వెల్లకిలా పడుకోవలసి వస్తుంది. ఆలూరు నుంచో, పత్తికొండ నుంచో వచ్చిన వృద్ధురాలు తొడమీద ఇసుక మూటతో, నడుము నొప్పి భరించలేక పక్కకు తిరుగుతానని వేడుకుంటుంటే, ఆ తీగను ఒక్కసారైనా వాడకుండానే తీసేశామని తెలిసిన నాకు బాధ కలుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చిన ఒంట్లో ప్రతి అదనపు రంధ్రం రక్తస్రావానికి దారే. అరుదుగానైనా, తీగ కొస పలుచని జఠరిక గోడను చీల్చుకుపోతే గుండె చుట్టూ రక్తం చేరి ప్రాణానికే ముప్పు వస్తుంది.

దీనికి ప్రత్యామ్నాయం 1985లోనే జెనీవాకు చెందిన బెర్న్‌హార్డ్ మేయర్, విల్హెల్మ్ రుటిస్‌హౌజర్ చూపించారు. బెలూన్‌నూ స్టెంట్‌నూ నడిపించే సన్నని లోహపు తీగ, గైడ్‌వైర్, ఎలాగూ గుండె కండరాన్ని ఆనుకున్న ధమనిలోనే ఉంటుంది. ఆ వైర్ బయటి కొసకు మొసలి క్లిప్ (మొసలి నోరులా పళ్లున్న క్లిప్) తగిలించి పేస్‌మేకర్ పెట్టె రుణ ధ్రువానికి, చర్మం కింద గుచ్చిన సూదిని గానీ చర్మానికి అంటించిన ప్యాచ్‌ను గానీ ధన ధ్రువానికి కలిపితే, విద్యుత్తు ఆ వైర్ కొస దగ్గర కండరంలోకి చేరి గుండెను కొట్టిస్తుంది. అయితే ఉబ్బించని బెలూన్‌ను వైర్ కొస సమీపం దాకా ముందుకు నెట్టి, చివరి భాగం మాత్రమే బయట ఉండేలా చూడాలి. లేకపోతే విద్యుత్తు మధ్య దారిలోనే రక్తంలోకి కారిపోయి, పెట్టెలో దాన్ని ఎంత పెంచినా గుండె పలకదు. కొస వరకూ ప్లాస్టిక్ పూత ఉన్న వైర్లు దీనికి పనికిరావు. మానిటర్‌లో పేసింగ్ గీతలు కనబడినంత మాత్రాన సరిపోదు, గీత గీతకూ ధమనిలో పీడనపు అల లేస్తోందో లేదో చూడాలి.

దీనికి హద్దులున్నాయి, వాటిని దాచడం నా ఉద్దేశం కాదు. గుండెపోటుతో చచ్చుబడిన కండరం దగ్గర వైర్ ఉంటే పేసింగ్ పట్టకపోవచ్చు. వైర్ తీసిన క్షణంలోనే పేసింగ్ ఆగిపోతుంది కాబట్టి, పూర్తి హార్ట్ బ్లాక్‌తో (పై గదుల సంకేతం కింది గదులకు అసలు చేరని స్థితితో) వచ్చినవారికీ, చికిత్స తర్వాత కూడా నాడి కోలుకోనివారికీ సిర ద్వారా తీగ వేయక తప్పదు. అటువంటి రోగుల బంధువులు దానికి అభ్యంతరం చెప్పకూడదని కూడా ఇక్కడే కోరుతున్నాను. నా అభ్యంతరమల్లా, రోగిని బట్టి నిర్ణయించకుండా అలవాటుగా అందరికీ వేయడం మీదనే.

కర్నూలు వైద్య కళాశాలలో కార్డియాలజీ నేర్చుకునే వైద్యులకు, వారితోపాటు నర్సులకూ టెక్నీషియన్లకూ ఈ పద్ధతిని చేతులతో చేయించి నేర్పితే, ఆ నైపుణ్యం కడప, అనంతపురం దాకా వెళ్తుంది. నాడి ఆగిన నిమిషంలో ఏ క్లిప్ ఏ ధ్రువానికో వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. ప్రతి క్యాథ్ ల్యాబ్‌లో పొద్దున మొదటి కేసుకు ముందే పేస్‌మేకర్ పెట్టె బ్యాటరీని పరీక్షించి, క్లిప్పులున్న తీగలను శుద్ధిచేసిన ప్యాకెట్‌లో దానితోపాటే ఉంచాలి. సమ్మతి పత్రంపై సంతకం తీసుకునేటప్పుడు, తొడలో అదనంగా తీగ వేస్తారా, వేస్తే ఎందుకు అన్నది రోగి ఇంటివారికి తెలుగులో చెప్పాలని వైద్యులకు నా వినతి.

ఇట్లు,
ఒక క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్,
కర్నూలు.