హేగ్ నుంచి కవిటికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. చలి ముదిరింది గాని, చదువూ వంటా యథాప్రకారం సాగుతున్నాయి. ఇంత దూరం పోయి చదువుతున్నది ఏమిటని మీరు అడిగారు. ఫోనులో తీరికగా చెప్పే వీలు లేక రాస్తున్నాను.

ప్రజా విధానాల విశ్లేషణ అంటే సర్కారు పథకాలను పొగడటమో తిట్టడమో కాదు. ముందు సమస్య ఏమిటో తేల్చుకొని, దానికి ఎన్ని దారులున్నాయో వెతికి, ఒక్కొక్క దారికి ఎంత ఖర్చవుతుందో, మేలు ఎవరికి చేరుతుందో, ఎవరు మిగిలిపోతారో బేరీజు వేయాలి. ఏమీ చేయకుండా వదిలేయడాన్నీ ఒక దారిగానే లెక్కించాలి. దానికీ ఖర్చుంటుంది, కాకపోతే అది బడ్జెట్టులో కాక ఇళ్లలో కనబడుతుంది.

నా పరిశీలనకు మూత్రపిండాల జబ్బు పీడిస్తున్న మన ఉద్దానం ప్రాంతాన్నే తీసుకున్నాను. ఇంటి బాధ పరాయివాళ్ల ముందు పెట్టాడని నొచ్చుకోకండి, చిన్నాన్న ప్రస్తావన ఎక్కడా లేదు. కుళాయి లేకపోవడమే సమస్య అని మొదలుపెడితే గొట్టాలు వేయడం తప్ప మరో ఆలోచన రాదు. మూత్రపిండాలు చెడిన సంగతి ఆలస్యంగా తెలియడమే సమస్య అనుకుంటే ఊరూరా రక్తపరీక్షలు, డయాలసిస్‌కు పోయే దూరం, ఎండలో కూలిపని, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఈ జబ్బుకు కారణం ఇదేనని పరిశోధకులు ఖాయంగా తేల్చలేదు. అది తేలేదాకా ఆగకుండా హిరమండలం జలాశయం నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ 2023 డిసెంబరులో ప్రారంభించడం సబబేనని నా అభిప్రాయం; కారణం ఏదైనా మంచినీరు కావలసిందే. అయితే గొట్టం ఎన్ని ఇళ్లకు చేరిందన్నదానికన్నా ఆ నీళ్లు ఎంతమంది తాగుతున్నారన్నదే నన్ను వేధిస్తోంది. డయాలసిస్ రోగులకు ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను ఆసరాయే గాని, జబ్బును ముందుగా పట్టుకునే పరీక్ష చేసే పని అది చేయలేదు.

ఈ చదువుకు ఉద్యోగం వస్తుందా అని మామయ్య అడిగారట. వస్తుంది, ఆ బెంగ ఆయనకు అక్కర్లేదు.

తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరిచెట్ల స్థానంలో వేసిన మొక్కలు కాపుకొచ్చాయా?

అమ్మకు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఈ నెలలోనే చేయించండి. ఒంట్లో బాగానే ఉందంటూ వాయిదా వేస్తుంది, మీరు వినకండి. మన ఇంట్లో తాగడానికి కుళాయి నీళ్లు వాడుతున్నారో, ఇంకా క్యాన్లే కొంటున్నారో కూడా రాయండి.

మీ కుమారుడు