ఏం పని చేస్తావని ఒక్క ముక్క అడిగితే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. మొన్న మా పిన్నికి వితంతు పెన్షన్ పెట్టిద్దామని తోడు పోయా, దరఖాస్తులో వృత్తి అని ఒక గడి, నెలకి ఆదాయం ఎంత అని ఇంకో గడి, అంతే. పిన్ని ఏం చెప్పిద్ది? పొగాకు సీజన్లో బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర పనికి పోయిద్ది, తర్వాత గ్రేడింగ్, అంటే ఆకుని రకాలుగా ఏరే పని, అది అయిపోయాక వానలు పడి నాట్లు మొదలయ్యేదాకా ఇంట్లోనే, మధ్యలో ఎవరన్నా మిరపకాయల కోతకి పిలిస్తే పోయిద్ది లేకపోతే లేదు. కూలి అని రాశారు. నెలకెంతమ్మా అంటే పిన్ని నా మొహం చూసింది, గ్రేడింగ్ నెలలో వచ్చిన డబ్బులే చెప్పేసింది పాపం, అబద్ధం రాకూడదని.

ఇంటి మొత్తం ఆదాయం పల్లెల్లో నెలకి 10,000, టౌన్లో 12,000 దాటితే పెన్షన్ రాదని రూలు. మరి నాలుగు నెలలు పనుండి మిగతా నెలలు ఖాళీగా ఉండేవాళ్ళకి ఏ నెల లెక్క తీసుకుంటారు? నెలకి వచ్చే 4,000 రూపాయల పెన్షన్ అంటే మా పిన్నికి మందులూ బియ్యం సరుకులూ మొత్తం అందులోనే.

దరఖాస్తు రాసుకునే ఆఫీసు వాళ్ళూ, ఏడాదికి ఎన్ని రోజులు పని దొరికింది, ఏ నెలల్లో దొరకలేదు అని అడగండయ్యా. ఉపాధి హామీకి పోయినవాళ్ళ రోజులు మస్టర్లో (హాజరు పట్టీలో) ఎట్టాగూ ఉంటాయి, అవీ చూడండి. చీమకుర్తి గ్రానైట్ కూలీలకీ, నెల్లూరు రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళకీ ఇదే బాధ. రాసినదాన్ని సంతకం పెట్టించుకునే ముందు ఒకసారి చదివి వినిపించండి, మా పిన్నికి చదువు రాదు.

- ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా