బండి సంగతి, ఆలస్యాల సంగతి

మా గానుగ నూనె వాడుతున్న అందరికీ నమస్కారం.

సంక్రాంతి నుంచి మీలో చాలామందికి చెప్పిన రోజున నూనె చేరలేదు. ఫోను చేసి అడిగితే "బండి దారిలో ఉందండి" అన్నాను. నిజానికి చాలాసార్లు బండి దారిలో లేదు. కరకంబాడి రోడ్డులో మా షెడ్డు ముందే, వెనక చక్రం విప్పి రాళ్ల మీద నిలబెట్టి ఉంది. పదకొండేళ్ల మూడు చక్రాల ట్రాలీ ఆటో అది. ఒక వారం క్లచ్ వైరు, మరో వారం యాక్సిల్, మొన్న రేణిగుంట రోడ్డు మీద నడిమధ్యలో ఇంజన్. ఆ రోజు పన్నెండు టిన్నుల నూనెను నేనూ డ్రైవరూ కలిసి రెండు ప్యాసింజర్ ఆటోల్లోకి ఎక్కించి పంపాం. నేను చెప్పింది అబద్ధం. అందుకు క్షమించండి.

ఇంతకాలం కొత్త బండి ఎందుకు కొనలేదని అడిగారు. డబ్బు ఒక కారణం. రెండో కారణం, ఏ బండి కొనాలన్న దాని మీద మా ఇంట్లో రెండు నెలలు సాగిన పంచాయతీ. పాత డీజిల్ పికప్పా, కొత్త పెట్రోలు మినీ ట్రక్కా? ఇప్పుడు తేలింది. ఎలా తేలిందో చెబుతాను, ఎందుకంటే మీ నూనె వచ్చే రోజులు దాన్ని బట్టే మారుతున్నాయి.

డీజిల్ పక్షం మా మామగారిది. ఎద్దు గానుగ తిప్పిన మనిషి, తరువాత చేలో ఆయిల్ ఇంజన్‌తో నీళ్లు పారించిన మనిషి. "డీజిల్ ఇంజన్ ఎద్దు లాంటిదమ్మా, నెమ్మదిగా లాగుతుంది కానీ ఆగదు" అంటారు. మాటలో నిజముంది. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి ఇంజన్‌ను దిట్టంగా చేస్తారు. తక్కువ వేగంలోనే లాగే శక్తి వస్తుంది. పైగా లీటరుకు లీటరు చూస్తే పెట్రోలు కంటే డీజిల్‌లో శక్తి ఎక్కువ.

ఆయన కళ్ల ముందున్నది పీలేరు దారిలోని భాకరాపేట ఘాట్. మాకు వేరుశనగ గుండ్లు పీలేరు వైపు నుంచి వస్తాయి. గానుగ ఆడాక మిగిలే చెక్కను అటువైపు పాడి రైతులే కొంటారు. సొంత పికప్ ఉంటే వెళ్లేటప్పుడు చెక్క, వచ్చేటప్పుడు గుండ్లు. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు, దిగేటప్పుడు అంతకంటే బరువు. అలాంటి చోట చిన్న పెట్రోలు బండి మొదటి గేరులో అరుస్తూ ఎక్కుతుంది, డీజిల్ పికప్ రెండో గేరులో మామూలుగా పోతుంది. ఇది నేనూ ఒప్పుకుంటాను.

అందుకే పుత్తూరు దగ్గర ఒక పికప్ ఉందని తెలియగానే వెళ్లాను. 2018 బండి, టన్నుంబావు మోస్తుంది, చెప్పిన ధర ₹5,20,000. కడిగి, టైర్లకు నల్ల పాలిష్ రాసి, అద్దానికి నిమ్మకాయలు కట్టి పెట్టారు. "తిరుపతి బండేనమ్మా, ఒకే చేతి మీద నడిచింది" అన్నాడు అమ్మేవాడు. నాకు నచ్చింది. బయానా ₹10,000 ఇచ్చేశాను. మెకానిక్‌ను ఆ తరువాత తీసుకెళ్లాను. ముందు తీసుకెళ్లాల్సింది.

మా మెకానిక్ భాయ్ చేసిన మొదటి పని, తెల్లవారుజామున ఐదున్నరకే అక్కడికి చేరడం. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేయాలట. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంది. అంటే మేం వస్తామని ముందే ఒకసారి తిప్పి పెట్టారు. ఆయన ఏమీ అనకుండా ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తిరగేసి రంధ్రం మీద ఊరికే ఉంచాడు. మూత గంతులేసింది. రైలు ఇంజన్ లాగా పొగ గుప్పుగుప్పున పైకి కొట్టింది. పిస్టన్ రింగులు అరిగి లోపలి ఒత్తిడి కిందికి దిగుతోందని అర్థం. తరువాత క్లచ్ పెడల్ చూపించాడు. మీటరులో 92,000 కిలోమీటర్లు ఉంది, పెడల్ మీది రబ్బరు మాత్రం అరిగి ఇనుము మెరుస్తోంది.

ఆపైన బండి కిందికి దూరాడు. చాసిస్‌కు కొత్తగా నల్ల రంగు వేసి ఉంది. తాళంచెవితో గీరితే అట్టలు అట్టలుగా తుప్పు రాలింది. బయటికి వచ్చి చేతులు దులుపుకుంటూ "నంబరు చూశారా?" అన్నాడు. ఏపీ 26, అంటే నెల్లూరు జిల్లా రిజిస్ట్రేషన్. 2019కి ముందు ఒక్కో జిల్లాకు ఒక్కో నంబరు ఉండేది, అప్పట్లో తిరుపతి ఉన్న చిత్తూరు జిల్లాది 03. తిరుపతి బండి అన్న మాట అబద్ధమని అక్కడే తేలిపోయింది. సరుకు పెట్టే డెక్కు మూలలో చెక్క పలకల సందున ముక్కు పెట్టి చూడమన్నాడు. చూశాను. చేపల వాసన. ఐసు పెట్టెల నుంచి కారిన ఉప్పు నీళ్లే చాసిస్‌ను తినేశాయని ఆయన లెక్క.

తుప్పు సంగతి అలా ఉంచండి. ఎక్కడి వాసననైనా పట్టేసుకోవడం నూనె గుణం, గుండ్ల బస్తాలైతే ఇంకా. శ్రీకాళహస్తిలో మీలో కొందరు మా నువ్వుల నూనెను దీపారాధనకే తీసుకుంటారు. ఆ నూనెను ఆ డెక్కు మీద ఎక్కించడానికి నాకు మనసు రాలేదు.

ఆర్‌సీ తీయిస్తే దాని మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. అప్పు తీరిందన్నాడు కానీ కంపెనీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఆర్‌సీ మీద దాని పేరు తీసేయడానికి కావలసిన ఫారం 35 చూపించలేదు. అవి లేనిదే బండి నా పేరుకు మారదు. బయానాలో ₹5,000 తిరిగి వచ్చింది. మిగతా ₹5,000 నా తొందరపాటు ఖరీదు.

సరే, ఇది ఒక్క చెడ్డ బండి, మంచి డీజిల్ పికప్ మరొకటి దొరకదా అని మామగారు అడిగారు. దొరుకుతుంది. అందుకని మంచిదే దొరికిందనుకుని లెక్క వేశాను. నాకు అసలు కళ్లు తెరిపించింది ఈ లెక్కే.

తిరుపతి ఊళ్లో మూడు రోజులు, రోజుకు 45 కిలోమీటర్లు. శ్రీకాళహస్తి ఒక రోజు, పుత్తూరు ఒక రోజు, చిత్తూరు ఒక రోజు. అన్నీ కలిపి నెలకు 1,900 కిలోమీటర్లు. మా వీధిలో పికప్ నడిపేవాళ్లు బరువుతో లీటరుకు 13 వస్తుందన్నారు. చిన్న పెట్రోలు ట్రక్కు 16 ఇస్తుంది. డీజిల్ లీటరు సుమారు ₹97, పెట్రోలు ₹109 అనుకుంటే డీజిల్‌కు నెలకు ₹14,000 పైన, పెట్రోలుకు ₹13,000. రెండుసార్లు కూడి చూశాను. డీజిల్ చవక అన్నది ఒకే బరువున్న రెండు బండ్ల మధ్య మాట. ఇక్కడ డీజిల్ బండి ఒళ్లే పెద్దది, ఖాళీగా తిరిగినా ఆ ఒంటిని మోసుకునే తిరగాలి.

మరి పీలేరు గుండ్లు? ఇప్పుడు వారానికి 20 బస్తాలు, ఎలాగూ తిరుపతికి వచ్చే వ్యాపారుల బండ్లలో బస్తాకు ₹60 చొప్పున వేయించుకుంటున్నాం. ₹1,200. సొంత బండిలో వెళ్లి వస్తే 120 కిలోమీటర్లకు డీజిలే ₹900. మిగిలేది ₹300. అందుకు డ్రైవరుకు ఒక పూట, టైర్లు, బ్రేకులు. వారానికి ఒక్క పూట ఘాట్ ఎక్కడం కోసం మిగతా రోజులన్నీ గాంధీ రోడ్డు సందుల్లో అంత పెద్ద బండిని వెనక్కీ ముందుకూ తిప్పుకోవాలి. మేం ఒక రోజులో ఎక్కించే సరుకు, చిత్తూరు నుంచి తిరిగొచ్చేటప్పుడు వేసుకునే బెల్లంతో కలిపి చూసినా, 500 కిలోలు దాటదు. చిన్న ట్రక్కు 700 కిలోల పైనే మోస్తుంది.

వాయిదాల దగ్గర కూడా పాత బండి గెలవలేదు. పాతదానికి అప్పు తక్కువ ఇస్తారు, వడ్డీ ఎక్కువ వేస్తారు, మూడేళ్లలో తీర్చమంటారు. నాకు చెప్పిన వడ్డీ పాతదానికి 16 శాతం, కొత్తదానికి 11. నెల వాయిదా రెండింటికీ ₹12,000కు అటూ ఇటూగానే వచ్చింది. మా ఆడిటరు మరో మాట చెప్పారు. సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాదు, 18. ఆ 18 శాతాన్ని కూడా మేం నూనె అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. మా లెక్కలో అది ₹80,000 దాకా. కారుకైతే ఈ వెసులుబాటు లేదు, సరుకు బండికి ఉంది. మామూలు మనిషి దగ్గర పాత బండి కొంటే తగ్గించుకోవడానికి పన్నే ఉండదు. ఇక ఎనిమిదేళ్లు నిండిన రవాణా బండిని ఏటా ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి. 2018 బండి అక్కడికి వచ్చేసింది.

డీజిల్ మీద నాకు పగ లేదు. ఆ పాత పికప్‌కు ఒక మేలు కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల తరువాతి డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. గడపగడపకూ ఆగి కదిలే మాలాంటి తిరుగుడులో అది వేడెక్కక మసి పట్టి మూసుకుపోతుంది. 2018 బండికి ఆ తలనొప్పి లేదు. రోజూ మదనపల్లె నుంచి టమాటాలు దించే పని నాదైతే డీజిలే కొనేదాన్ని.

సీఎన్‌జీ గ్యాస్ బండి తీసుకోమని కొందరు సలహా ఇచ్చారు. ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ సిలిండర్ల బరువుకు మోసే బరువు తగ్గుతుంది, సిలిండర్లకు మూడేళ్లకోసారి పరీక్ష చేయించాలి, బంకు దగ్గర వరుసలో నిలబడాలి. ఉదయం ఏడింటికి టిఫిన్ హోటళ్లకు టిన్నులు చేర్చాల్సిన డ్రైవరును ఆ వరుసలో నిలబెట్టలేను. ఎలక్ట్రిక్ బండి ఊళ్లో తిరగడానికి బాగానే సరిపోతుంది. చిత్తూరు రోజున బరువుతో 150 కిలోమీటర్లు నడవాలి, అక్కడే భయపడ్డాను. నాలుగేళ్ల తరువాత మళ్లీ అడగండి.

కాబట్టి కొత్త పెట్రోలు మినీ ట్రక్కు బుక్ చేశాం. రోడ్డు మీదికి వచ్చేసరికి ₹6 లక్షలకు కాస్త లోపు. ఉగాదిలోపు ఇస్తామన్నారు. మామగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కానీ డెక్కు మీద పరవడానికి రబ్బరు పట్టా మాత్రం తనే వెళ్లి కొనుక్కొచ్చారు, కొలత తప్పు.

ఇక మీకు సంబంధించినవి. బండి వాయిదా పేరు చెప్పి నూనె ధర పెంచను. గుండ్ల ధర పెరిగితే పెంచుతాను, ఆ రోజు కారణం కూడా చెబుతాను. తిరుపతిలో సోమ, బుధ, శుక్రవారాలు ఇస్తాం. మంగళవారం శ్రీకాళహస్తి, గురువారం చిత్తూరు, శనివారం పుత్తూరు. "ఇటువైపు వస్తే ఒక లీటరు ఇచ్చి వెళ్లండి" అనే పద్ధతి ఇక కుదరదు, దానివల్లే ప్రతి రోజూ ప్రతి ఊరికీ తిరిగి ట్రాలీని చంపుకున్నాం. తిరుపతి బయట ఐదు లీటర్ల లోపు తీసుకుంటే ₹30 రవాణా పడుతుంది. పక్కింటివాళ్లతో కలిసి తెప్పించుకుంటే పడదు.

కొత్త బండి వచ్చేదాకా చిత్తూరు డబ్బాలు ఇప్పటిలాగే ఆర్టీసీ కార్గోలో వస్తాయి. తిరుపతివాళ్లు వీలైతే గానుగ దగ్గరికే రండి. ఉదయం పదిన్నరకల్లా మొదటి వాయి దిగి ఉంటుంది, కాస్త తేరుకున్న నూనెను మీ స్టీలు క్యాన్‌లోనే తూచి పోస్తాం. ఈసారి నూనె ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. బండి షెడ్డులో ఉంటే షెడ్డులో ఉందనే అంటాను.

మా పుస్తకం ప్రకారం మా ఐదు లీటర్ల ఖాళీ క్యాన్లు 212 మీ ఇళ్లలో ఉన్నాయి. కొన్నింటిలో పప్పులు పోసుకున్నారని తెలుసు, అవి ఉంచేసుకోండి. మిగతావి ఈసారి డ్రైవరు వచ్చినప్పుడు మూతలతో సహా ఇచ్చి పంపండి.