పెద్దవాళ్ల దిగులుకు వైద్యం దండగ ఖర్చు కాదు

సంపాదకుడు గారికి,

మా అమ్మకు డెబ్బై దాటాయి, కోరుట్ల దగ్గర పల్లెలో ఉంటుంది. నాన్న పోయిన కొన్నాళ్లకు బీడీలు చుట్టడం మానేసింది. చూపు ఆనక మానేసిందనుకున్నాం. చాట, కత్తెర మంచం కింద దుమ్ము పట్టాయి. అడిగితే కాళ్లు గుంజుతున్నాయి, నిద్ర పడతలేదు, అన్నం సయిస్తలేదు అనేది తప్ప మనసు బాగాలేదని ఒక్కనాడూ అనలేదు. ఊళ్లో సెలైన్ ఎక్కించారు, టౌన్‌లో గ్యాస్ గోలీలిచ్చారు, ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నెత్తి నుంచి పాదాల దాకా స్కానింగులు తీశారు, అన్నీ నార్మల్. ఏడాదిన్నరలో ఎనభై వేలు, తమ్ముడు దుబాయ్‌లో కష్టపడి పంపిన పైసలు.

చివరికి హనుమకొండలో నా దగ్గరికి తెచ్చుకుని మానసిక వైద్యుడికి చూపిస్తే, అరగంట మాట్లాడి డిప్రెషన్ అన్నారు. రోజుకో గోలీ, నెలకు మూడు వందల లోపే. మూడు వారాలకు నిద్ర పట్టింది, రెండు నెలలకు చాట తనే తీసి కడుక్కుంది.

ముసలితనంలో దిగులు మామూలే, దానికి మందులెందుకు అనేవాళ్లకే ఈ ఉత్తరం. అమెరికాలో 60 దాటిన 1,801 మందిపై ఇంపాక్ట్ అనే అధ్యయనం చేశారు. మామూలు క్లినిక్‌లోనే డిప్రెషన్‌కు పట్టించుకుని వైద్యం చేస్తే, వాళ్లలో కొందరి నాలుగేళ్ల లెక్క తీస్తే, మొత్తం వైద్య ఖర్చు ఆ వైద్యం అందనివాళ్లకంటే తక్కువే అయింది. అంతదూరం ఎందుకు, గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, అప్పుడప్పుడే దిగులు మొదలైన పెద్దవాళ్లతో మాట్లాడిస్తే, ఏడాదిలో డిప్రెషన్‌లోకి జారినవాళ్లు నూటికి నలుగురే. ఆ సాయం అందనివాళ్లలో పద్నాలుగు మంది.

మనసు బాగాలేనివాళ్లు ఫోన్‌లో మాట్లాడటానికి సర్కారు పెట్టిన 14416 టెలిమానస్ నంబరు ఉంది, మంచిదే. కానీ మా అమ్మ తనంతట తాను ఫోన్ చేసి బాధ చెప్పుకునే మనిషి కాదు. ఆమె వయసువాళ్లలో ఎందరు చేస్తారు? బీపీ, షుగర్ చూడటానికి ఆశమ్మ, ఏఎన్ఎం ఎట్లాగూ ఇంటికొస్తున్నారు కదా, ఈ రెండు వారాల్లో దిగులుగా ఉంటోందా, ఏ పని మీదా మనసు పోవట్లేదా అని రెండు ముక్కలు అడిగితే చాలు, దానికి కొత్త బిల్డింగు అక్కర్లేదు. అడిగాక అవునంటే చూసే డాక్టరు, ఇచ్చే గోలీలు మాత్రం పీహెచ్‌సీలోనే ఉండాలి. బీపీ గోలీలు అక్కడే దొరుకుతుంటే, ఈ ఒక్క గోలీ కోసం మా అమ్మ నెలనెలా పొద్దంతా బస్సులో కూర్చుని రావాలా?

— ఒక పాఠకురాలు, హనుమకొండ