నా బిడ్డను చేతులు కట్టుకోమనకండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా పాపకు ఆరేళ్లు. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, సబ్బు రాసుకుని కడుక్కుంటున్నట్టు రుద్దుకుంటూనే ఉంటుంది. కాసేపు రుద్ది, వేళ్లు నోట్లో పెట్టుకుని, మళ్లీ రుద్దుతుంది. బొటనవేలి మొదట్లో చర్మం ఎప్పుడూ ఒరుసుకుపోయి ఎర్రగా ఉంటుంది. చొంగ కారి గౌను ఎద దగ్గర తడిసిపోతే రోజుకు నాలుగుసార్లు మారుస్తాను. రాత్రి పాప నిద్రపోయాక మా అత్తమ్మ ఆ చేతులకు కొబ్బరినూనె రాస్తుంది. నిద్రలో మాత్రమే అవి ఆగుతాయి.

పాపకు ఉన్నది రెట్ సిండ్రోమ్, జన్యువులో మార్పు వల్ల వచ్చే అరుదైన జబ్బు. ఆ పేరు మా చెవిన పడేసరికి పాపకు నాలుగేళ్లు నిండాయి. ఆ ఆలస్యం గురించే ఈ ఉత్తరం.

పుట్టినప్పుడు అంతా బాగానే ఉంది. ఏడాది దాటాక 'తాత', 'అత్త' అనేది. పళ్లెంలో మరమరాలు పోస్తే ఒక్కొక్కటే ఏరుకుని తినేది. ఏడాదిన్నర నుంచి ఆ రెండు మాటలూ పోయాయి. తర్వాత మరమరాలు ఏరుకోవడం పోయింది. చేతులకు చేతనైన పనులు ఒక్కొక్కటే పోతుంటే, వాటి చోట ఈ రుద్దడం వచ్చింది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. ఒక డాక్టరు గారు బలానికి మందు రాసి, కొందరికి మాటలు లేటుగా వస్తాయి, టెన్షన్ పడకండి అన్నారు. రాని మాటకు, వచ్చి పోయిన మాటకు తేడా ఉంది. మాట వచ్చి పోయిందా అని అప్పుడు ఆయన అడగలేదు, నాకు చెప్పడం రాలేదు. ఇంకో చోట ఆటిజం అని రాశారు. ఒక ప్లేస్కూల్లో చేర్పిస్తే టీచరమ్మ రోజూ "చేతులు కట్టుకో" అనేది. వారం తర్వాత, మీ పాప మాట వినడం లేదు, తీసుకెళ్లండి అంది.

చున్నీతో చేతులు కట్టేస్తే అలవాటు మానేస్తుందని మా బంధువు ఒకామె చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం నేను ఆ పని కూడా చేశాను సార్. పాప ఊపిరి బిగబట్టింది, పెదాలు నీలంగా అయ్యాయి. ఊపిరి బిగబట్టడం కూడా ఈ జబ్బులో భాగమే అని నాకు తెలిసింది రెండేళ్ల తర్వాత.

ఈ జబ్బును మొదట పట్టుకున్నది ఏ యంత్రమూ కాదు. 1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే పిల్లల డాక్టరు, తన వెయిటింగ్ హాల్లో తల్లుల ఒళ్లో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలను చూశారు. ఇద్దరూ ఒకే తీరున చేతులు రుద్దుకుంటున్నారు. 1966లో ఆయన దీని గురించి రాశారు. 1983లో బెంగ్ట్ హాగ్‌బర్గ్, ఆయన తోటి డాక్టర్లు 35 మంది ఆడపిల్లల వివరాలు ప్రచురించాక ప్రపంచానికి తెలిసింది. 1999లో అమెరికాలో హుదా జోగ్బీ గారి ల్యాబ్, ఎక్స్ క్రోమోజోము మీద ఎంఈసీపీ2 అనే జన్యువులో మార్పే దీనికి కారణమని తేల్చింది. ఇప్పుడు ఒక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. కానీ ఆ పరీక్ష రాయాలంటే ముందు ఎవరో ఒకరు ఆ చేతులు చూడాలి కదా.

ఆసుపత్రిలో జన్యు విభాగం వరండాలో టోకెన్ కోసం కూర్చున్నప్పుడు వేరే తల్లులు కలిశారు. వాళ్ల పిల్లలవీ జన్యువుల వల్ల వచ్చిన జబ్బులే. ఒకామె కొడుకుది ఫ్రాజైల్ ఎక్స్. రెండు చేతులూ రెక్కల్లా ఆడిస్తాడు, చేతి వెనుక కొరుక్కుని అక్కడ కాయ కాసింది. ఇంకో బాబుది ప్రాడర్ విల్లీ. "అమ్మా, అన్నం ఎప్పుడు?" అని అడుగుతాడు, చెప్తే మళ్లీ అదే అడుగుతాడు, చర్మం గిల్లుకుంటాడు. స్మిత్ మజెనిస్ ఉన్న ఒక పాప సంతోషం వస్తే తనను తానే గట్టిగా కౌగిలించుకుంటుంది, వేలు నాలుకకు రాసుకుని పుస్తకం పేజీలు తిప్పుతూనే ఉంటుంది. అందరూ ఒక పనిని పదే పదే చేసే పిల్లలే, కానీ ఒకరు చేసేది ఇంకొకరు చేసేదానిలా లేదు. మేం వదిలించుకోవాలని చూసిన ఆ అలవాటే డాక్టరుకు ఆనవాలు.

అది ఒక్కోసారి నొప్పికి ఆనవాలు కూడా. పోయిన వానాకాలంలో మా పాప కొత్తగా దవడ మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. జబ్బు ముదిరిందనుకున్నాం. చూపిస్తే నిద్రమందు రాశారు. నెల తర్వాత నేను టార్చిలైటు వేసి చూస్తే దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. పన్ను తీయించాక కొట్టుకోవడం ఆగిపోయింది. కోర్నీలియా డి లాంగే సిండ్రోమ్ అనే ఇంకో జన్యు జబ్బు ఉన్న పిల్లల్లో కడుపులోని ఆమ్లం పైకి తన్ని, ఆ మంటకు తమను తాము గాయపరచుకునే వాళ్లున్నారని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. మాట రాని బిడ్డ నొప్పి ఎలా చెప్తుంది? కొత్తగా కొట్టుకోవడం మొదలైతే చెవి, పన్ను, కడుపు, మలబద్ధకం చూడకుండా నిద్రమందు రాయొద్దని మీరు ఒక సర్క్యులర్ ఇవ్వాలి.

సార్, మన దగ్గర ఏర్పాటు లేదని నేను అనడం లేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షించాలని, టీమ్‌లు అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వెళ్లాలని అందులోనే ఉంది. ఎదుగుదల లోపాలు కూడా చూడాలి. అనుమానం ఉంటే జిల్లా ప్రారంభ చికిత్స కేంద్రానికి పంపాలి. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిపి అరుదైన వ్యాధుల ప్రత్యేక కేంద్రం ఉంది. నేను కోరేది అంగన్‌వాడీ టీచరుకు, ఆశా వర్కరుకు, ఆ టీమ్‌కు రెండు ప్రశ్నలు నేర్పమని. బిడ్డకు వచ్చిన మాట గానీ, పని గానీ పోయిందా? చేతులతో, నోటితో, ఒంటితో ఒకే పని పదే పదే చేస్తోందా? రెండింటిలో ఒక్కదానికి అవును అని వచ్చినా, ఫోన్లో నిమిషం వీడియో తీసి, దాన్ని చీటీతో పాటు పైకి పంపాలి. వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం క్యాంపులో కూడా ఆ వీడియో చూడాలి. కొత్త చోటు, గుంపు, ఏసీ గది. మా వరండా పిల్లల్లో కొందరు అక్కడ బొమ్మలా కూర్చుంటారు. ఇంట్లో అర్ధరాత్రి తల గోడకు కొట్టుకునే బిడ్డను చూసి అక్కడ "బాగానే ఉన్నాడుగా" అని శాతం తగ్గించారని ఒక తండ్రి ఏడ్చాడు.

పరీక్ష ఎందుకు, మందు లేదు కదా అని మీ అధికారులు అనొచ్చు. అమెరికాలో 2023లో ఈ జబ్బుకు ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి వచ్చింది, దాని ఖరీదు మా ఊహకు అందదు, నేను అది అడగడం లేదు. పేరు తెలియడం వల్ల మా ఇంట్లో ఏం మారిందో చెప్తాను. మేనరికమా, అని ప్రతి చోటా మొదట అదే అడిగేవారు. మాది మేనరికమే. పేరు తెలిసేదాకా ఆ నేరం నేను మోశాను, మా అత్తమ్మ మోసింది. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, రెట్ వాటిలో లేదు, దాదాపు అందరు పిల్లల్లోనూ ఆ మార్పు కొత్తగా పుట్టినదే, రెండో కాన్పులో మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒక్క పాలు కన్నా తక్కువ అని జెనెటిక్ కౌన్సెలర్ చెప్పిన రోజు మా అత్తమ్మ నా చేయి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఫ్రాజైల్ ఎక్స్ అలా కాదు, అది తల్లి వైపు కుటుంబంలో నడుస్తుంది, అక్కాచెల్లెళ్లకు కూడా పరీక్ష కావాలి. అంటే పేరు తెలియకుండా ఏ ఇంటికీ సరైన సలహా ఇవ్వలేరు.

తర్వాత ఒక థెరపిస్టు నాకు చిన్న సంగతి నేర్పింది. పాప కుడిచేయి నేను మెత్తగా పట్టుకుంటే, రుద్దుకోవడానికి తోడు లేక ఎడమచేయి కాసేపు ఊరుకుంటుంది. ఆ కాసేపట్లో స్పూను అందిస్తే పట్టుకుంటుంది. నీళ్ల గ్లాసు ఫొటో, అన్నం గిన్నె ఫొటో ఎదురుగా పెడితే కావలసిన దానివైపు కళ్లు తిప్పుతుంది. మొదటిసారి నీళ్ల గ్లాసు వైపు చూసి, తాగి, మళ్లీ గ్లాసు వైపే చూసింది. నాలుగేళ్లుగా నా బిడ్డకు దాహం ఎప్పుడు వేస్తుందో నేను అంచనా వేసుకుని తాగించాను సార్.

ఆ థెరపిస్టు కోసం మేం తెల్లవారుజామున నాలుగున్నర బస్సు ఎక్కుతాం. వెన్నెముక వంకర పోకుండా ఫిజియోథెరపీ కూడా కావాలి. జిల్లా కేంద్రంలో ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపిస్టులు వారానికి రెండు రోజులు తప్పకుండా ఉంటే మా బస్సు ప్రయాణం తప్పుతుంది. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఉన్న 50 లక్షల సాయం జాబితాలోని జబ్బుల చికిత్సకే. మా పాపకు కావలసింది అంత డబ్బు కాదు, రోజూ చేయించే మనిషి.

మా పాప చేతుల వీడియో నా ఫోన్లో ఉంది, 40 సెకన్లు. అంగన్‌వాడీ టీచర్ల శిక్షణలో చూపించడానికి పనికొస్తుందంటే ఇస్తాను. మా ఆయన ఒప్పుకున్నాడు, అత్తమ్మ కూడా చూపించమంది. రమ్మంటే పాపను తీసుకుని నేనే వస్తాను.

ఇట్లు,
నల్లగొండ జిల్లా నుంచి ఒక తల్లి