పక్షుల్ని బెదరగొట్టి తీసిన ఫోటోలు వేయకండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో పైభాగమంతా వేసిన ఫోటో, అదే కొల్లేటి పక్షులుండే మా ఆటపాక ఫోటో గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పక్షులు గూళ్లు పెట్టుకునే ఇనుప స్టాండ్ల మీద నుంచి గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు అన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచిన ఫోటో అది. కింద ‘సైబీరియా అతిథుల సందడి’ అని రాశారు. ఫోటో బాగుంది, కాదనను. మా షాపుకొచ్చిన వాళ్లందరూ పేపరు తిప్పి తిప్పి చూశారు. అయితే అలాంటి ఫోటోలు ఎలా వస్తాయో నా కళ్లతో చూశాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందు ఆ సైబీరియా సంగతి తేల్చేద్దాం. చలికాలంలో కొల్లేటికి ఉత్తరాది దేశాల నుంచి బాతులు వచ్చే మాట నిజమే. సూదితోక బాతు అలా వచ్చేదే. మీ ఫోటోలో ఉన్న గూడబాతు మాత్రం అచ్చంగా ఇక్కడిది. దక్షిణ భారతంలో, శ్రీలంకలో, కంబోడియాలో గూళ్లు పెట్టే జాతి. సైబీరియా మొహం ఎరగదు. 1940లలో పశ్చిమ గోదావరి జిల్లాలో ఆరేడు అనే ఊరి దగ్గర ఇవి గూళ్లు పెట్టుకోవడం కేరళకు చెందిన పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో 1949లో రాశారు. తర్వాత ఆ గూళ్లు పోయాయి. మళ్లీ ఇప్పుడు మా ఆటపాకలో గుడ్లు పెడుతున్నాయంటే సొంతూరికి తిరిగొచ్చాయన్నమాట. వాటిని పట్టుకుని అతిథులంటే కోపం రాదూ?

నేను కైకలూరులో లేడీస్ టైలర్‌ని. పెళ్లిళ్ల సీజన్లో తలెత్తే తీరిక ఉండదు, మూఢం వచ్చిందంటే గిరాకీ ఉండదు. ఫోటోల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది గానీ ఫోనుతోనే సరిపెట్టుకున్నాను. ఈ ఏడాది చిట్టీ పాడిన డబ్బుతో నికాన్ పీ950 కొన్నాను. లెన్సులు మార్చే రకం కాదు, అందులోనే 83 రెట్ల జూమ్ ఉంటుంది. కిలో బరువు. ఆ డబ్బుకి ఓవర్‌లాక్ మిషను, పీకో మిషను రెండూ వచ్చేవి కదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కొత్త కెమెరా చేతికొస్తే కైకలూరు వాడు ఎక్కడికెళతాడు? ఆటపాకకే. డయల్ మీద చంద్రుడి బొమ్మ పక్కనే పిట్ట బొమ్మ కూడా ఉంటుంది, పక్షుల కోసమని. దాన్ని తిప్పి జూమ్ పూర్తిగా లాగితే ఎక్కడో స్టాండు మీదున్న గూడబాతు కన్ను కనపడింది. అయితే అంత జూమ్‌లో ఊపిరి తీసినా బొమ్మ ఊగుతుంది. ట్రైపాడ్‌కి మళ్లీ డబ్బులెక్కడ తేను? పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి, ఒక చివర కుట్టి, రేషన్ బియ్యం పోసి రెండో చివర కూడా కుట్టేశాను. దాన్ని పిట్టగోడ మీద పెట్టి దానిపైన కెమెరా ఆనిస్తే కదలదు. బయట అమ్మేవి కూడా ఇవేనట.

తెల్ల పక్షులు నన్ను ఏడిపించాయి. తెల్ల కంకణం కొంగను తీస్తే ఒక్క ఈక కూడా విడిగా తెలియకుండా మండిపోయింది. మగ్గం వర్కు చేసిన తెల్ల బ్లౌజును షాపు లైటు కింద ఫోటో తీసినా ఇదే గొడవ, వర్కంతా మాయమై ఉత్త గుడ్డ మిగులుతుంది. వెలుతురు సెట్టింగు మైనస్ 0.7కి దించాక ఈకలు బయటపడ్డాయి. ఇంకొకటి, ఎండెక్కే కొద్దీ నీటి మీద సెగ ఆడుతుంది. అప్పుడు ఎంత జూమ్ ఉన్నా లాభం లేదు, బొమ్మంతా వణుకుతుంది. దూరాన ఉన్న పక్షి కావాలంటే పొద్దున్నే పోవాలి.

పొద్దున్నే పోతే ఏం కనపడుతుందో చెబుతాను. గూడబాతు పిల్ల తల్లి నోట్లో తల మొత్తం దూర్చేసి, ఆ సంచిలోంచి చేప తింటుంది. మనకు పిల్ల వీపు, తోకే కనపడతాయి. పిల్ల లోపల తన్నుకుంటుంటే తల్లి నోరు అటూ ఇటూ పోతుంటుంది. చూస్తే మింగేస్తోందా అని భయం వేస్తుంది. పక్కన ఎర్రకాళ్ల కొంగ, పిల్లల మీద ఎండ పడకుండా రెక్కలు సగం విప్పి, వీపు సూర్యుడి వైపు పెట్టి నిలబడుతుంది. నోట్లో నీళ్లు పట్టుకొచ్చి పిల్లల మీద పోస్తుంది కూడా.

ఇక అసలు విషయం. ఒకరోజు నేను ఇలా ఒక స్టాండు మీదే కెమెరా పెట్టుకుని ఉండగా నలుగురైదుగురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్లతో పెద్ద లెన్సున్న ఒకాయన. వయసులో పెద్దవాడే, చూడబోతే చదువుకున్నవాడే. ఆయన కెమెరా సర్దుకుని, ‘‘నేను త్రీ అనగానే అందరూ ఒకేసారి కొట్టండి, విడివిడిగా కొడితే సగమే లేస్తాయి’’ అన్నాడు. నేను, ‘‘సార్, గూళ్లలో పిల్లలున్నాయండీ’’ అన్నాను. అందులో ఒక కుర్రాడు నా కెమెరా చూసి, ‘‘మీరు కూడా రెడీగా ఉండండి అంకుల్, మంచి షాట్ వస్తుంది’’ అన్నాడు. నిజంగా మంచి మనసుతోనే అన్నాడు. వాడికి అందులో తప్పేమీ కనపడలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, ఒకడు స్టీలు నీళ్ల సీసాను రెయిలింగుకేసి బాదాడు. ముందు కొంగలు లేచాయి, వాటిని చూసి గూడబాతులు లేచాయి. పిల్లలు పెద్దవైన గూళ్లలోని పక్షులు కొన్ని కదలలేదు. కొత్తగా గుడ్లు పెట్టినవే ముందు లేచిపోయాయి. వాళ్లకు కావలసిన ఫోటో వచ్చేసింది, వెనక్కి తిరిగి స్క్రీను చూసుకుంటున్నారు. నా కెమెరా ఇంకా ఆ స్టాండు మీదే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక కాకి గూడు అంచున వాలింది. అటూ ఇటూ చూసింది. ముక్కుతో గుడ్డుకు బొక్క పెట్టి, లోపలిది తాగడం మొదలుపెట్టింది. ఇంకో కాకి వచ్చింది. ఫోటోల మీద టైము పడుతుంది కదా, తర్వాత చూసుకున్నాను: పక్షులు లేచింది 8.41కి, ఆ గూటి మీదకు తల్లి తిరిగొచ్చింది 8.52కి. కాకికి పదకొండు నిమిషాలంటే చాలా ఎక్కువ. రెండు ఫోటోలూ ఈ ఉత్తరానికి జత చేస్తున్నాను.

చట్టం సంగతి కూడా చూశాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే, పక్షుల గుడ్లను పాడుచేయడంతో పాటు గుడ్లకు, గూళ్లకు అలజడి కలిగించడం కూడా ఉంది. తుపాకీ పట్టుకోనక్కర్లేదు. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రాంసర్ గుర్తింపు (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చేది) ఉన్న సరస్సు. అంటే మీ పేజీలో పైభాగాన రంగుల్లో పడే ఫోటో, తీసిన తీరును బట్టి, చట్టం లెక్కలో వేట ఫోటో కావచ్చు.

చేపల చెరువుల వాళ్లు పక్షుల్ని తోలడానికి టపాకాయలు కాలుస్తారు, వాళ్లనేమీ అనరు గానీ మమ్మల్నే అంటారేం అని ఎవరైనా అడగొచ్చు. అది వాళ్ల పొట్టకూటి గొడవ, దాని గురించి వేరే మాట్లాడుకోవాలి. చప్పట్లు కొట్టే వాళ్లకు చేప పిల్ల నష్టం కూడా లేదు.

మీ ఫోటోగ్రాఫరు చప్పట్లు కొట్టించారని నేను అనడం లేదు. గద్ద తిరిగినా పక్షులు లేస్తాయి. నీళ్ల మీద తేలే బాతుల గుంపయితే ఊరికే కూడా లేస్తుంది. అయితే పిల్లలున్న గూళ్లు వదిలి, స్టాండు ఖాళీ అయ్యేలా అన్నీ ఒకేసారి లేచాయంటే ఏదో బెదరగొట్టి ఉండాలి. అదేమిటో ఫోటో కింద రాయండి. గద్ద అయితే గద్ద అని రాయండి. తెలియకపోతే ఫోటో పక్కన పెట్టేయండి. మీ పేపర్లో పడిన ఫోటో చూసి వచ్చేవారం ఇంకో పదిమంది అలాంటిదే కావాలని బయలుదేరతారు. ఆ పెద్ద లెన్సాయన కూడా ఎక్కడో ఇలాంటి ఫోటోకి బహుమతి ఇవ్వడం చూసే నేర్చుకుని ఉంటాడు.

ఎగిరే పక్షి ఫోటోయే కావాలంటే ఎవరినీ బెదరగొట్టక్కర్లేదు, కాస్త ఆగితే చాలు. గూడబాతు బరువైన పక్షి, రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. పొద్దున్నే ఎగరాలంటే దానికి కష్టం. ఎండెక్కి నేల వేడెక్కాక, పైకి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. ఒకదాని కింద ఒకటి, మెట్లు మెట్లుగా. నీళ్ల మీద నుంచి లేచేది ఇంకా బాగుంటుంది: రెండు కాళ్లూ కలిపి నీటిని తన్నుతూ గెంతుకుంటూ పోతుంది, ప్రతి గెంతుకీ నీళ్లు చిమ్ముతాయి. మేతకెళ్లినవి చేపతో తిరిగొచ్చి స్టాండు మీద వాలేటప్పుడు కాళ్లు ముందుకు చాచి బ్రేకు వేస్తాయి. నా కొత్త కెమెరా ఫోకస్ పట్టడంలో కాస్త నిదానం, వాలేవి చాలాసార్లు తప్పిపోయాయి. తప్పితే మళ్లీ ఇంకోటి వస్తుంది, దానికేం.

మీరు చేయగలిగినవి చిన్న పనులే. పాఠకులు పంపే ఫోటోలు అడిగేటప్పుడు, ఏ కెమెరా అని కాకుండా ఎంత దూరం నుంచి తీశారు, దేని మీద నిలబడి తీశారు అని కూడా అడగండి. గూడు దగ్గర తీసినదయితే పక్షి ఎటు చూస్తోందో గమనించండి. మెడ నిక్కించి, నేరుగా మన వైపే చూస్తోందంటే భయపడిందని అర్థం. పిల్ల వైపు చూస్తున్న పక్షి ఫోటో అంత ఆర్భాటంగా ఉండదు, పైభాగం నిండా వేయడానికి పనికిరాదేమో. అయినా ఒక్కసారి వేసి చూడండి, జనం ఏమంటారో. పిల్ల తల నోట్లో దూర్చిన ఫోటో మా షాపు గోడ మీద పెట్టాను. బ్లౌజు కొలతలివ్వడానికొచ్చిన ప్రతి ఒక్కరూ అదేమిటని అడుగుతారు. చెప్పాక ఇంకాసేపు చూస్తారు. కుట్టు ఆలస్యమైనా ఆ రోజుకి గొడవ చేయరు.

జత చేసిన ఫోటోలు నేను కోసినవీ కాదు, రంగు పెంచినవీ కాదు. కాకి ఫోటో కాస్త వణికింది, అప్పటికే సెగ మొదలైంది. నమ్మకం కుదరకపోతే అసలు ఫైళ్లున్న మెమరీ కార్డు పట్టుకుని మీ కైకలూరు విలేకరి దగ్గరికి వస్తాను. సోమవారం అయితే మంచిది, ఆ రోజు షాపు సెలవు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక టైలర్,
కైకలూరు, ఏలూరు జిల్లా