గుంటూరు మిర్చికి బెనాపోల్ రైలు: కేంద్ర వాణిజ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

వినతిపత్రాలకు జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాం.

2020 జూలైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు పార్సిల్ రైలులో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. టన్నుకు లారీ ఖర్చు 7,000 రూపాయలైతే రైలుకు 4,608 అయింది. మామూలు గూడ్స్ రైలుకు 1,500 టన్నులు కావాలి. చిన్న వ్యాపారికి అంత సరుకెక్కడిది? లారీలైతే మన సరిహద్దు కేంద్రం పెట్రాపోల్ దగ్గర వరుసలో ఆగాలి, సరిహద్దు దాటాక బస్తాలు దించి మరో లారీకెక్కించాలి. వానల్లో గోనె చెమ్మ పీలుస్తుంది. కాయలో తేమ 11 శాతం దాటితే తొడిమ దగ్గర బూజు పడుతుంది, రంగు పోతుంది, తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ధరే పలుకుతుంది. ఆ కోత చివరికి రైతు మీదే పడుతోంది.

ఢాకాతో మాట్లాడి వారానికో పార్సిల్ రైలు ఖాయం చేయండి. ఒక్క వ్యాగన్‌కైనా బుకింగ్ ఇవ్వండి. కొత్త పంట యార్డుకు వచ్చే ఫిబ్రవరిలోపే వేళలు ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
మిర్చి ఎగుమతిదారులు, గుంటూరు